మర్రికి మైకు కడితే వినిపించేది ఎవరి గొంతు?

గోల్కొండ కోట చూడబోయినవాళ్లు ప్రవేశద్వారం దగ్గరి గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొట్టకుండా ముందుకు కదలరు. అక్కడ కొట్టిన చప్పట్లు దాదాపు కిలోమీటరు దూరాన, కొండ కొసనున్న బాలా హిసార్‌లో వినబడతాయి. గాలిలో శబ్దం సెకనుకు 343 మీటర్ల చొప్పున పోతుంది కాబట్టి, కింద చేతులు కలిసిన మూడు సెకన్లకు పైన చెవిన పడుతుంది. గైడ్లు దీన్ని ఆనాటి కట్టడపు గొప్పతనంగా చెబుతారు. అది నిజమే, కానీ రాయీ సున్నమూ చేసిన పని అందులో సగమే. ఆ చప్పుడు ‘ఎవరో వస్తున్నారు’ అనే కబురుగా మారాలంటే కింద కాపలా కాసేవాడికీ పైన చెవి ఒగ్గి ఉన్నవాడికీ మధ్య ముందే ఒక కట్టుబాటు ఉండాలి. ఎన్ని చప్పట్లకు ఏమిటి అర్థం అన్నది గోడలు చెప్పవు, మనుషులు అనుకోవాలి. ఆ కట్టుబాటు పోయాక మిగిలేది వింత శబ్దం. ఇవాళ పర్యాటకులకు దక్కుతున్నది అదే.

ఇంటరాక్టివ్ మీడియా ఆర్ట్ అని ఇప్పుడు పిలుస్తున్న కళను అర్థం చేసుకోవడానికి ఈ చప్పట్లు చాలు. చూసేవాడి కదలికనో, అతని గుండె వేగాన్నో, గాలిలోని తేమనో ఒక సెన్సరు కొలుస్తుంది. కొలత అంకెగా మారి కంప్యూటరుకు చేరుతుంది. కంప్యూటరు ఆ అంకెను బట్టి శబ్దాన్నో వెలుగునో మారుస్తుంది. ఇందులో జనం కళ్లు మొదట పడేది సెన్సరు మీద, తర్వాత తెర మీద. అసలు కళ ఆ రెంటిలోనూ లేదు. ఈ అంకె వస్తే ఆ శబ్దం రావాలి అని మధ్యలో ఎవరో రాసిన నియమంలో ఉంది. ఆ నియమం వినేవాడి ఒంటికి అందితే పనితనం, అందకపోతే తమాషా. హైదరాబాద్ పక్కనున్న చేవెళ్ల, మొయినాబాద్ లాంటి చోట ఈ తేడా ఇంకా ముఖ్యం. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

నియమం అందకపోతే ఏమవుతుందో చరిత్రలోనే ఉంది. 1965లో న్యూయార్క్‌లో సంగీతకర్త జాన్ కేజ్, నృత్యకారుడు మెర్స్ కనింగ్‌హామ్ బృందం ‘వేరియేషన్స్ 5’ ప్రదర్శించింది. వేదిక మీద యాంటెన్నాలు, కాంతిని పట్టే ఫొటోసెల్స్ అమర్చి, నర్తకులు వాటి ముందు నుంచి కదిలినప్పుడల్లా శబ్దాలు మేల్కొనేలా చేశారు. కానీ మేల్కొన్న శబ్దాల్లో ఏది ఎంత వినబడాలో పక్కన కూర్చున్న సంగీతకారులు తేల్చేవారు. తన చెయ్యి దేన్ని పలికించిందో నర్తకికి తెలిసే వీలు లేదు, ప్రేక్షకుడికి అసలే లేదు. సాహసం గొప్పదే, సంభాషణ మాత్రం కాదు. మెక్సికోలో పుట్టిన కళాకారుడు రఫాయెల్ లొజానో-హెమ్మర్ 2006లో చేసిన ‘పల్స్ రూమ్’ పక్కన దీన్ని పెట్టి చూడండి. గది నిండా మామూలు బల్బులు వేలాడుతుంటాయి. ఒక చోట ఉన్న పిడులను పట్టుకుంటే మీ నాడిని అది పసిగడుతుంది, మీకు దగ్గరలోని బల్బు మీ గుండె లయలో వెలిగి ఆరుతుంది. పిడులు వదలగానే ఆ లయ వరసలోని తర్వాతి బల్బుకు జరుగుతుంది, మీ ముందు వచ్చినవాళ్ల లయలన్నీ ఒక్కో అడుగు ముందుకు కదులుతాయి. ఎవరూ వివరించనక్కర్లేదు, చదువురాని ముసలమ్మకైనా ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. గది చివర ఆరిపోయేది ఎవరి లయో కూడా తెలుస్తుంది, ఆ తెలివిడిలోనే గుబులుంది. మన దేశం ఈ దారిలో మరీ వెనకేమీ లేదు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మూగ్ సింథసైజరుతో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో వెలిసింది.

ఇదంతా మనకు కొత్తా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. తోలుబొమ్మలాటలో బొమ్మ దీపానికి దగ్గరైతే తెర మీద నీడ పెరిగి మసకబారుతుంది, తెరకు ఆనితే కుదించుకుని పదునెక్కుతుంది. యుద్ధఘట్టం రాగానే ఆడించేవాళ్లు కాలికింది చెక్కలను టకటకా తొక్కుతారు. కదలికే కొలత, శబ్దమే జవాబు. మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ గుడికి వెళ్తే ఇంకో రకం కనిపిస్తుంది. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. లెక్క తప్పకుండా చేతిలో అంకెల గళ్ల కార్డు, పెన్ను. చుట్టు పూర్తవగానే నడక ఆపకుండానే ఒక గడి కొట్టేస్తారు. అడుగును అంకెగా మార్చి, ఆ అంకెకు అర్థం కట్టిన పద్ధతి ఇది. బ్యాటరీ ఒక్కటే తక్కువ. అలాంటప్పుడు సెన్సరు దేనికి? జవాబు సూటిగానే ఉంది: పాత కళలన్నీ ఎదురుగా ఉన్న ఒంటికే జవాబిస్తాయి. ఎదురుగా లేనిదాన్ని, మనిషి ఓపిక కన్నా మెల్లగా జరిగేదాన్ని అవి ఒంటిదాకా తేలేవు. పగలు నీరు ఆవిరవుతూ చెట్టు కాండం వెంట్రుకంత కుంచించుకుంటుంది, రాత్రి మళ్లీ ఉబ్బుతుంది. చెరువు మట్టం నెలకో అడుగు దిగుతుంది. వీటిని నిలబడి చూసే కన్ను లేదు. కాండానికి కట్టే డెండ్రోమీటరు పట్టీ ఆ కదలికను మిల్లీమీటరులో వందో వంతు దాకా రాసి పెడుతుంది. ఆ రాతను అయిదు నిమిషాల శబ్దంగా కుదిస్తే ఏడాది పొడవునా చెట్టు తీసిన ఊపిరిని చెవి పట్టగలదు. కొత్తదనం అక్కడుంది.

ఇప్పుడు చేవెళ్ల దారికి వద్దాం. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా దాదాపు 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డు, దాని రెండు పక్కలా నిజాం కాలంలో నాటినవని చెప్పుకునే దాదాపు 900 మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేయాలన్నప్పుడు వాటి గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. దారిలోనే మొయినాబాద్, దానికి ఇటు మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అటు ఈసీ మీద హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన జలాశయాలివి. ఒకటి 1920లో పూర్తయింది, రెండోది 1927లో. వాటిని కాపాడటానికి 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేసింది, 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను ఎత్తేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. చేవెళ్ల వైపు పొలాల్లో పూలతోటలు, పాలీహౌస్‌లు. మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్‌లు, వారాంతాల్లో డీజేలు. ఇక్కడ తగాదాలన్నీ అంకెల తగాదాలే: ఎన్ని చెట్లు, ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని అడుగుల నీరు, రాత్రి 10 తర్వాత నివాస ప్రాంతంలో 45 డెసిబెల్స్ దాటిందా లేదా. అంకెలు కాగితాల్లో, కోర్టుల్లో తిరుగుతుంటాయి. వాటి మధ్య బతికేవాళ్లకు అవి తగలవు. సెన్సరు కళకు ఇంతకన్నా తగిన నేల దొరకదు, ఇంతకన్నా ప్రమాదకరమైన నేలా దొరకదు.

ప్రమాదం కొలత దగ్గరే మొదలవుతుంది. హైదరాబాద్ కోఠి బజారులో వంద రూపాయల లోపే దొరికే అల్ట్రాసోనిక్ సెన్సరును తీసుకోండి. రెండు చిన్న డబ్బాలు కళ్లలా ఉంటాయి. ఒకటి మనకు వినబడని 40 కిలోహెర్ట్జ్ కేకను వదులుతుంది, రెండోది ఆ కేక దేనికో తగిలి తిరిగొచ్చిన వేళను పడుతుంది. పోయి వచ్చిన సమయాన్ని శబ్దవేగంతో హెచ్చవేసి సగం చేస్తే దూరం. చాలా ప్రోగ్రాముల్లో ఆ వేగాన్ని 343గా రాసి వదిలేస్తారు. అది 20 డిగ్రీల గదిలో మాట. చేవెళ్లలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల గాలిలో శబ్దం సెకనుకు 355 మీటర్ల దాకా పోతుంది. కేక తొందరగా తిరిగొస్తుంది, రెండు మీటర్ల దూరాన నిలబడ్డ మనిషి ఏడు సెంటీమీటర్లు దగ్గరగా ఉన్నట్టు లెక్క తేలుతుంది. ఏడు సెంటీమీటర్లే కదా అంటే, ప్రతి అయిదు సెంటీమీటర్లకు ఒక స్వరం పెట్టిన నియమంలో అది సరిగమను తప్పించేస్తుంది. ఆఫీసు కారిడార్లలో మనిషి కదలగానే దీపం వెలిగించే పీఐఆర్ సెన్సరు పరిస్థితి మరీ ఘోరం. అది చూసేది మనిషిని కాదు, ఒంటి వేడికీ పరిసరాల వేడికీ మధ్య తేడా కదలడాన్ని. పరిసరాలు 37 డిగ్రీలకు చేరాక దానికి మనిషి దాదాపు మాయమైపోతాడు. చలిదేశపు గదిని మనసులో పెట్టుకుని రాసిన నియమం చేవెళ్ల ఎండలో అబద్ధమాడుతుందన్నమాట. చెడింది పరికరం కాదు, చోటును అడగకుండా రాసిన నియమం.

ఇంతకన్నా పెద్ద అబద్ధం తియ్యగా ఉంటుంది. ఆకుకు రెండు క్లిప్పులు తగిలించి, వాటి మధ్య విద్యుత్ నిరోధంలో వచ్చే చిన్న మార్పులను స్వరాలుగా మార్చే పెట్టెలు మార్కెట్‌లో ఉన్నాయి. ‘మొక్క పాడుతోంది’ అని వీడియోలు వస్తుంటాయి. పాట బాగానే ఉంటుంది, ఉండక ఏం చేస్తుంది? ఏ అంకె వచ్చినా ఎంచుకున్న రాగంలోని స్వరం మీదనే పడేలా ముందే కట్టేశారు. అదే క్లిప్పులను తడిగుడ్డకు తగిలించినా పాటే వస్తుంది. ఇక మర్రికి అదే పెట్టె కట్టి, శోకరాగం ఎంచి, పక్కన లారీ పోయినప్పుడల్లా స్వరం దిగజారేలా నియమం రాస్తే విన్నవాళ్ల కళ్లు చెమరుస్తాయి. అక్కడ ఏడ్చింది మర్రి కాదు, ప్రోగ్రాము రాసినవాడు. జగదీశ్ చంద్ర బోస్ క్రెస్కోగ్రాఫ్ కూడా మొక్క కదలికను మనకు అందేలా చేసిన యంత్రమే. కానీ దాదాపు 10,000 రెట్లు పెంచి చూపిస్తున్నానని ఆయన ముందే చెప్పాడు. ఆ ఒక్క అంకె చెప్పడం వల్ల చూసేవాడు తిరిగి లెక్క కట్టుకోగలిగాడు.

కళను ఇలా కోర్టు బోనులో నిలబెడతారా అని ఎవరైనా అడగొచ్చు. భూపాల రాగానికి తెల్లవారుజాముతో సంబంధం ఎక్కడుందో నిరూపించమని ఎవరూ అడగలేదుగా. ఒప్పుకుంటాను. ఊహ కోసం చేసిన పనిని ఊహగానే వినాలి. కానీ ‘ఇది నేను కట్టిన పాట’ అనడం వేరు, ‘ఇది చెట్టు గొంతు’ అనడం వేరు. రెండో మాట అన్నవాడు సాక్ష్యం చెబుతున్నాడు, సాక్ష్యానికి అడ్డప్రశ్నలు తప్పవు. పైగా ఈ రోడ్డు మీద చెట్టు ఒక్కటే కక్షిదారు కాదు. ఇరుకు దారిలో ప్రమాదాలు నిజం, ప్రాణాలు పోయిన ఇళ్లు నిజం. చెట్టుకు మాత్రమే గొంతిచ్చి రోడ్డు మీద మనిషికి ఇవ్వని కళాఖండం ఎంత మధురంగా ఉన్నా ఒక పక్షం వకీలు వాదన కిందే లెక్క. నియమం చెప్పేస్తే మాయ పోతుందన్న భయం కూడా వింటుంటాం. పల్స్ రూమ్‌లో నియమం అందరికీ తెలుసు, అయినా పోయింది ఏమీ లేదు. నియమం తెలిశాకే గది చివరి బల్బు మనిషిని పట్టుకుంటుంది.

మరి ఈ చోటికి తగిన నియమం ఎలా ఉండొచ్చు? 1980లలో కెనడా కళాకారుడు డేవిడ్ రోక్‌బీ ‘వెరీ నర్వస్ సిస్టమ్’లో కెమెరా ముందు ఒళ్లు కదిలితే సంగీతం పుట్టేలా చేశాడు. చేవెళ్ల రోడ్డు మీద దాన్ని తిరగేయాలని నా అభిప్రాయం. ఇక్కడ కదలనిది ఏముంది గనక, కదలికకు బహుమతి ఇవ్వడానికి? మర్రి కింద ఆగి కదలకుండా నిలబడితేనే శబ్దం మొదలవ్వాలి, కదిలితే ఆగిపోవాలి. వినిపించేది చెట్టు ఏడుపు కాదు, ఆ చోటనే నిన్న 24 గంటల పాటు మైకు నిమిషానికోసారి కొలిచిన చప్పుడు మట్టం, రెండు నిమిషాలకు కుదించి. దాని కింద తంబూరలా ఒకే శ్రుతి. ఉస్మాన్‌సాగర్ నిండినప్పుడు మట్టం 1790 అడుగులు. దానికి ఒక్కో అడుగు తగ్గినకొద్దీ శ్రుతి ఒక్కో మెట్టు దిగుతుంది. మనిషి ముఖం అక్కర్లేదు కాబట్టి కెమెరా అక్కర్లేదు. డెసిబెల్ కొలబద్ద మామూలు మెట్లలాంటిది కాదు, 10 పెరిగితే శబ్దశక్తి పది రెట్లయినట్టు. ఆ సంగతి మరిచి అంకెను ఉన్నదున్నట్టు శబ్దంగా మారిస్తే డీజే మోత కూడా జోలపాటలా వినబడుతుంది. అది కూడా నియమంలోనే సరిచూసుకోవాలి.

ఖర్చు సంగతి మీద పెద్ద చర్చ అనవసరం. 2005 నుంచి ఉన్న ఆర్డుయినో బోర్డు, మిల్లర్ పకెట్ 1990లలో రాసి ఉచితంగా వదిలిన ప్యూర్ డేటా అనే సాఫ్ట్‌వేర్, చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టు కోసం వెతుక్కునే పిల్లలు, ఇవన్నీ అందుబాటులో ఉన్నవే. డబ్బూ ఓపికా ఖర్చయ్యేది తర్వాత: చీమలు డబ్బాలో గూడు పెడతాయి, కోతి తీగ లాగుతుంది, వాన నీరు కనెక్టరులో దిగుతుంది, కరెంటు పోతుంది. ఆర్నెల్లు నిలవని పనికి ప్రారంభోత్సవం ఎందుకు?

ఈ దారిలో ఇలాంటిది ఎవరైనా తలపెడితే రెండు పనులు చేయండి. నియమాన్ని తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఏ అంకెకు ఏ శబ్దమో అంకెలతో సహా బోర్డు మీద రాసి చెట్టు పక్కన పాతండి. పూలబుట్టలు దించుకుని నీడన కూర్చున్న రైతు దాన్ని చదివి ‘ఇది తప్పు లెక్క’ అనగలగాలి. రెండోది, పని డిసెంబరు చలిలో మొదలుపెట్టకండి, ఏప్రిల్ ఎండలో మొదలుపెట్టండి.