చూడగానే ఎలా తెలుస్తుంది?

హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్ నుంచి మూసీ వైపు నడిస్తే పత్తర్‌గట్టీ వస్తుంది. 1908 వరదల తర్వాత నిజాం హయాంలో కట్టిన ఆ రాతి కమానుల కింద ముత్యాల దుకాణాలు ఉంటాయి. అక్కడ ముత్యాలు ఏరే పనిని కాసేపు గమనించండి. సైజు తేల్చడానికి జల్లెడ ఉంది. ఆ తర్వాతి పనంతా కంటిదే. తెల్లని గుడ్డ మీద పోసిన ముత్యాల్లోంచి చెయ్యి తిరిగిన మనిషి ఒకటి ఇటు, ఒకటి అటు వేలితో నెట్టేస్తాడు. ఎందుకు పక్కన పెట్టారని అడిగితే, "దీని చాయ వేరండీ" అంటాడు. ఎలా వేరంటే చెప్పలేడు. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే మాత్రం తేడా మనకూ తెలుస్తుంది.

చెప్పలేనిది ఎలా తెలిసింది?

ఇందులో దివ్యదృష్టి ఏమీ లేదు. మసక వెలుతురులో నడక చూసే మన ఇంటి మనిషిని పోల్చుకుంటాం కదా, ఇదీ అలాంటిదే. వేల ముత్యాల మెరుపు, చాయ, గుండ్రదనం, పైపొర నునుపు ఏళ్ల తరబడి చూసిన కంటికి గుర్తుండిపోతాయి. కొత్త ముత్యం ఎదురుపడగానే పాత గుర్తులు పని మొదలుపెడతాయి. ఫలితం మాత్రమే మనసుకు తెలుస్తుంది, లెక్క తెలియదు.

1973లో విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ చదరంగంలో దీన్నే చూపించారు. నిజమైన ఆటలోని బల్లను ఐదు సెకన్లు చూపిస్తే మేటి ఆటగాడు చాలా పావులను తిరిగి సరిగ్గా పేర్చాడు. అడ్డదిడ్డంగా పెట్టిన పావులు చూపిస్తే కొత్తవాడితో సమానమైపోయాడు. అంటే అతని బలం పరిచయమైన అమరికలను గుర్తుపట్టడంలోనే ఉంది.

అయితే మనసు చెప్పింది ఎప్పుడు నమ్మాలి?

డేనియల్ కానెమన్ అంతర్బుద్ధిని అనుమానించిన పరిశోధకుడు. గ్యారీ క్లైన్ అగ్నిమాపక అధికారుల క్షణకాలపు నిర్ణయాలు చూసి దాన్ని మెచ్చుకున్నవాడు. ఇద్దరూ కలిసి 2009లో రాసిన వ్యాసంలో రెండు షరతుల దగ్గర ఏకమయ్యారు. ఆ పనిలో నిలకడైన ఆనవాళ్లు ఉండాలి. తప్పో ఒప్పో తెలుసుకుంటూ చాలాకాలం సాధన చేసే వీలుండాలి.

ముత్యాలు జోడించడంలో ఈ రెండూ ఉన్నాయి. సరం గుచ్చగానే కలవని ముత్యం కంటికి గుచ్చుకుంటుంది. అక్కడ ఆ చూపును నమ్మొచ్చు.

అదే మనిషిని ఇది సముద్రంలో సహజంగా పుట్టిందా, సాగు చేసిందా అని అడిగితే సంగతి వేరు. పంటికి రాస్తే నున్నగా తగలడం గాజు, ప్లాస్టిక్ నకిలీలను పట్టిస్తుంది. సహజ ముత్యమూ, సాగు ముత్యమూ రెండూ గరుకుగానే తగులుతాయి. తేడా లోపల ఉంటుంది కాబట్టి ఎక్స్‌రే తీసి చూడాల్సిందే.

ధరల జోస్యం ఇంకా కష్టం. 1893లో జపాన్‌లో మికిమోటో ముత్యాన్ని సాగు చేయగలిగాడు. 1920ల నుంచి సాగు ముత్యాలు మార్కెట్లోకి దిగడంతో గల్ఫ్ సహజ ముత్యాల వ్యాపారం దెబ్బతిని, ఆర్థిక మాంద్యంతో కుదేలైంది. అలాంటి మలుపులు పదేపదే రావు. రానివాటి మీద సాధన కుదరదు.

మనం ఏం చేయాలి?

ఉద్యోగమైనా, పెళ్లిసంబంధమైనా, స్థలం కొనడమైనా "నాకెందుకో అనిపిస్తోంది" అన్నప్పుడు ఆగి రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇలాంటివి నేను ఎన్ని చూశాను? నా అంచనా తప్పినప్పుడు నాకు తెలిసిందా? రెండింటికీ గట్టి జవాబుంటే ఆ మాట వినండి. లేకపోతే కాగితాలు చూడండి, తెలిసినవాళ్లను అడగండి, ఒక రాత్రి ఆగండి. ఏడాదికోసారి ముత్యాలు కొనేవాళ్ల కంటికి ఆ సాధన ఉండదు. సహజ ముత్యమని ఎక్కువ ధర అడిగితే, ల్యాబ్ సర్టిఫికెట్ చూశాకే డబ్బు చెల్లించండి.