ఇంటర్ తర్వాత ఏడాది ఆగితే: భయాలు ఒకచోట, నిబంధనలు ఇంకోచోట

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి జేఈఈ, నీట్ ర్యాంకులు తేలేదాకా మన ఇళ్లలో ఒకటే పంచాయితీ. వచ్చిన సీట్లో చేరిపోవడమా, ఒక ఏడాది ఆగడమా? మేనమామ ఒకటి చెబుతాడు, పక్కింటి బీటెక్ అబ్బాయి ఇంకొకటి చెబుతాడు, కోచింగ్ సంస్థ పీఆర్వో రోజూ ఫోన్ చేసి మరొకటి చెబుతాడు. లేని నిబంధనలకు ఇంటిల్లిపాదీ భయపడతారు. ఉన్న నిబంధనలను చదివేవాళ్లు మాత్రం తక్కువ. పదిహేడేళ్ల పిల్లల ఏడాది ఈ మాటల మధ్యే తేలిపోతోంది.

అపోహ: ఇయర్ గ్యాప్ ఉంటే కంపెనీలు తీసుకోవు.

ఈ మాటకు జడిసి ఇష్టం లేని బ్రాంచిలో చేరిపోయే పిల్లలు ఎంతోమంది. టీసీఎస్ ఫ్రెషర్ల నియామక ప్రకటన తెరిచి చూడండి. చదువులో మొత్తం విరామం 24 నెలలు దాటకూడదని, ఉన్న విరామాన్ని దాచకుండా చెప్పి ఆధారం చూపాలని అందులో ఉంటుంది. ఇంటర్ తర్వాత ఆగిన ఒక్క ఏడాది ఆ లెక్కలో హాయిగా ఇమిడిపోతుంది. కాలేజీలో చేరేటప్పుడు గ్యాప్ అఫిడవిట్ అడుగుతారు. స్టాంపు పేపరు మీద రాయించి నోటరీ చేయించుకుంటే సరిపోతుంది. నీట్ రాసేవాళ్లకు వయసు దాటిపోతుందన్న భయమూ అక్కర్లేదు, గరిష్ఠ వయోపరిమితిని 2022లోనే ఎత్తేశారు.

అపోహ: ఈసారి పోతే పోయింది, ఎన్నిసార్లైనా రాయొచ్చు.

నీట్ వరకు నిజమే. జేఈఈ మెయిన్ మాత్రం ఇంటర్ పూర్తయిన ఏడాదితో కలిపి వరసగా మూడేళ్లే. అడ్వాన్స్‌డ్ అయితే వరసగా రెండేళ్లే. ఈ రెండేళ్లూ ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు మొదటిసారి రాసిన ఏడాది నుంచే లెక్క. తప్పి, మరుసటి ఏడాది పాసైనా లెక్క మారదు. ఐఐటీలో ఒకసారి చేరినవాళ్లు మళ్లీ అడ్వాన్స్‌డ్ రాయలేరు. బిట్‌శాట్‌కు ఆ ఏడాది, అంతకు ముందు ఏడాది ఇంటర్ పాసైనవాళ్లే అర్హులు. ఎన్‌డీఏ ద్వారా సైన్యంలోకి వెళ్లాలనుకునేవాళ్లకు పందొమ్మిదిన్నరేళ్లు దాటితే దారి మూసుకుపోతుంది.

2024 నవంబరు 5న అడ్వాన్స్‌డ్‌ను మూడుసార్లు రాయొచ్చని ప్రకటించారు. అది నమ్మి, చేరిన కోర్సులు వదిలేసిన పిల్లలున్నారు. 18వ తేదీకల్లా మళ్లీ రెండుసార్లే అన్నారు. ఆ రెండు తేదీల మధ్య కోర్సు మానేసినవాళ్లకు అవకాశం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి జనవరి వచ్చింది. ఆ రెండు నెలలూ ఆ పిల్లలు ఏం చదవగలిగి ఉంటారు? అందుకే ఆగాలనుకునేవాళ్లు ఆ ఏటి ఇన్ఫర్మేషన్ బులెటిన్‌లో అర్హతల పేజీ సొంతంగా చదవాలి, అమ్మానాన్నలకు చదివి వినిపించాలి.

అపోహ: ఒక సబ్జెక్టు పోయిందంటే ఏడాది పోయినట్టే.

రెండు రాష్ట్రాల్లోనూ అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలున్నవి ఇందుకే. అవి రాసి గట్టెక్కినవాళ్లు ఆ విద్యాసంవత్సరంలోనే డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో చేరొచ్చు.

అపోహ: సీటు పట్టి ఉంచుకుని, వచ్చే ఏడాది చేరొచ్చు.

ఇది అమెరికా కబుర్లతో వచ్చింది. ఒబామా పెద్దకూతురు మాలియా 2016లో స్కూలు చదువు ముగించి, హార్వర్డ్‌లో సీటు ఉండగానే ఏడాది ఆగి 2017లో చేరింది. అక్కడ చాలా యూనివర్సిటీలు అలా ఒప్పుకుంటాయి. మన ఎప్‌సెట్, నీట్, జోసా కౌన్సెలింగ్‌లలో ఆ వెసులుబాటు లేదు. చేరకపోతే సీటు పోతుంది, వచ్చే ఏడాది మళ్లీ కొత్త ర్యాంకుతోనే రావాలి.

అపోహ: లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరిస్తే ర్యాంకు ఖాయం.

2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షలకు పైనే. ఎంబీబీఎస్ సీట్లు లక్ష చిల్లర. ఎవరికీ ఏదీ ఖాయం కాదు. అడ్మిషన్ ఫీజు కట్టకముందు ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది. ఓఎంఆర్ కాపీ, ఆన్సర్ కీ రెండూ వెబ్‌సైట్‌లో పెడతారు. వాటిని ముందేసుకుని పిల్లతోనో పిల్లాడితోనో కూర్చోండి.

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. 120 ఒప్పులు, 40 తప్పులు, 20 వదిలేసినవి అనుకుందాం. మార్కులు 440. ఆ నలభై తప్పులను ఒక్కొక్కటిగా విడదీయండి. తెలిసీ తొందరలో పోగొట్టినవెన్ని, ఊహించి పెట్టినవెన్ని, అసలు పాఠమే తెలియనివెన్ని? ఊహించి పెట్టినవి వదిలేసి, తెలిసినవి సరిగ్గా రాస్తే చాలనుకునే పిల్లకు ఇంట్లో ఉండి మాక్ టెస్టులు రాసుకున్నా ఏడాది ఫలిస్తుంది. ఫిజిక్స్‌లో సగం చాప్టర్లు అర్థం కాని పిల్లాడికి మొదటినుంచీ ఓపిగ్గా చెప్పే మాస్టారు కావాలి. అందరికీ ఒకే వేగంతో సాగే రెండొందల మంది బ్యాచ్‌లో అతనికి దొరికేది వారం వారం తగ్గే ర్యాంకు, దాంతోపాటు దిగులు. ఈ లెక్క ఏ పీఆర్వో వేసి చూపడు. కోచింగ్‌లో చేరిన పిల్లలు దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అన్నం సరిగా తినకపోయినా, పుస్తకం చూస్తేనే ముఖం తిప్పుకుంటున్నా దాన్ని బద్ధకం అనకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

అపోహ: రాజస్థాన్‌లోని కోటా వెళ్లి కోచింగ్ తీసుకుంటే లోకల్ పోతుంది.

స్థానికత లెక్క ఇంటర్ రెండో ఏడాది మొదటిసారి రాసిన ఏడాదితో ఆగిపోతుంది. దానితో కలిపి వెనకున్న నాలుగేళ్లు, అంటే తొమ్మిదో తరగతి నుంచి ఎక్కడ చదివారన్నదే చూస్తారు. ఆ తర్వాత కోచింగ్ ఎక్కడ తీసుకున్నా ఇబ్బంది లేదు. చిక్కు వచ్చేది ఇంటర్‌కే కోటా వెళ్లినవాళ్లకు.

అపోహ: ఎంట్రన్స్‌కు చదవకపోతే ఆ ఏడాది దండగ.

నాకు బాధ కలిగించేది ఈ అపోహే. అందరూ ఎంట్రన్స్ కోసమే ఆగరు. ఇంట్లో జబ్బు, అప్పు, తమ్ముడి ఫీజు, ఏం చదవాలో తేలకపోవడం, కారణాలు ఎన్నో. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడది అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. పని చేసుకుంటూ డిగ్రీ చదవడానికి అది ఉంది. ఇగ్నోలో జులై దాటిపోయినా జనవరి అడ్మిషన్లుంటాయి. పల్లెల పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండితే జిల్లాలోని గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ (ఆర్‌సెటీ)లో కుట్టుపని, సెల్‌ఫోన్ రిపేరు లాంటివి భోజనం, బసతో సహా ఉచితంగా నేర్పుతారు. ఊళ్లో టైప్ ఇన్‌స్టిట్యూట్ ఇంకా తెరిచే ఉంటే, సాంకేతిక విద్యా శిక్షణ మండలి పెట్టే లోయర్, హయ్యర్ పరీక్షలు రాయొచ్చు. నాన్న దుకాణంలో కూర్చుని జీఎస్టీ బిల్లులు, ట్యాలీ నేర్చుకున్న పిల్లకు బీకాం మొదటి ఏడాది కొత్తగా అనిపించదు.

ఆడపిల్లల విషయంలో ఒకటి గట్టిగా చెప్పాలి. మన దగ్గర ఖాళీగా ఉందన్న మాట బయటికి పొక్కితే పెళ్లి సంబంధాలు మొదలవుతాయి. ఈ ఏడాది చదువుకేనని అమ్మానాన్న మేలోనే బంధువులకు చెప్పేయాలి. ఓపెన్ యూనివర్సిటీలోనో, ఏదైనా సర్టిఫికెట్ కోర్సులోనో అడ్మిషన్ తీసి ఉంచితే, ఏం చదువుతోందని అడిగినవాళ్లకు చూపడానికి చేతిలో ఐడీ కార్డు ఉంటుంది.

అపోహ: ఫీజు మొత్తం కట్టేశాం, ఇక మధ్యలో మానడానికి లేదు.

2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. పూర్తి ఫీజు కట్టిన విద్యార్థి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి లెక్కకట్టి పది రోజుల్లో వాపసు ఇవ్వాలని అందులో ఉంది. హాస్టల్, మెస్ ఫీజులకూ అదే వర్తిస్తుంది. అమలు రాష్ట్రాల చేతిలో ఉంది కాబట్టి అడగకుండా ఎవరూ ఇవ్వరు. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి, వాపసు షరతులు చేరేరోజే కాగితం మీద రాయించుకోండి.