ఎంబసీ వెళ్లిపొమ్మంటే ఫీజు లెక్కలు వేయకండి
యుద్ధభూమిలో చిక్కుకున్న మనవాళ్ల గురించి అపోహలు – వాస్తవాలు

దివిసీమవాళ్లకు తుపాను గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత పుట్టినవాళ్లు కూడా బందరు పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే సామాను సర్దుకుంటారు. గాలి ముదిరాక బయల్దేరితే దారి ఉండదని ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. అదే మన పిల్లవాడు ఉన్న దేశంలో యుద్ధం వచ్చేలా ఉందంటే మాత్రం “చూద్దాంలే” అంటాం. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతున్న తెలుగు పిల్లల ఇళ్లలో చాలాచోట్ల జరిగింది ఇదే. ఆ రోజుల్లో బెజవాడలో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా ఇదే మాట. అప్పుడు విన్న మాటలే, ఇప్పటికీ వింటున్న మాటలే ఇక్కడ తీసుకుంటున్నాను.

“ఫీజు కట్టేశాం, పరీక్షలు దగ్గర పడ్డాయి. యుద్ధం వస్తే అప్పుడు చూద్దాం.”

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇది. యుద్ధం చెప్పకుండా రాలేదు. ఫిబ్రవరి 15న కీవ్‌లోని మన ఎంబసీ, ముఖ్యంగా అక్కడ ఉండాల్సిన అవసరం లేని విద్యార్థులు తాత్కాలికంగా దేశం విడిచి వెళ్లడం మంచిదని చెప్పింది. 20న మళ్లీ చెప్పింది. 22న ఇంకాస్త గట్టిగా చెప్పింది: ఆన్‌లైన్ క్లాసులపై యూనివర్సిటీ నుంచి ఖరారు వచ్చేదాకా ఆగకుండా బయల్దేరండి అని. అంటే పిల్లలు దేనికోసం ఆగుతున్నారో ఎంబసీకి తెలుసు. హాజరు పోతుందేమో, సంవత్సరం పోతుందేమో అని ఆగారు.

22న ఎయిరిండియా ప్రత్యేక విమానం రెండొందలకు పైగా మనవాళ్లను ఢిల్లీకి తెచ్చింది. తర్వాతిది 24న. ఆ తెల్లవారుజామునే రష్యా దాడి మొదలైంది, ఉక్రెయిన్ గగనతలం మూసేశారు, కీవ్‌కు బయల్దేరిన విమానం సగం దారిలో ఢిల్లీకి తిరిగొచ్చింది. టికెట్ కొనుక్కుని వచ్చేయడానికీ, మంచులో నడిచి సరిహద్దు చేరడానికీ మధ్య ఉన్న తేడా రెండంటే రెండు రోజులు.

పిల్లల తప్పు అనను. అప్పటికే టికెట్ల ధరలు బాగా పెరిగిపోయాయి. మన ఇళ్లలో ఆ చదువు వెనక ఎకరం పొలమో, బ్యాంకు లోనో ఉంటుంది. “నాన్నా, వచ్చేయనా?” అని అడిగిన పిల్లకు ఇవతల రెండు క్షణాల మౌనం వినిపిస్తే చాలు, ఆగిపోతుంది. నిర్ణయం అక్కడ కాదు, ఇక్కడ మన హాల్లో జరుగుతోంది.

చదువు సంగతీ చెప్పాలి. తిరిగొచ్చినవాళ్లకు మన కాలేజీల్లో సీట్లు ఇస్తారని ఊళ్లో ప్రచారం జరిగింది. అలా ఇవ్వలేదు. కానీ మిగతా కోర్సు వేరే దేశాల యూనివర్సిటీల్లో పూర్తి చేసుకోవడానికి 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ ఒప్పుకుంది. కష్టాలు పడ్డారు, కాలం పోయింది. అయినా దారి దొరికింది.

“ప్రభుత్వం విమానం పంపుతుంది, ఉన్నచోటే ఉండు.”

పంపుతుంది, నిజమే. 2022లో ఉక్రెయిన్ తరలింపు కోసం చేపట్టిన ఆపరేషన్ గంగ కింద 90 విమానాలు నడిచాయి, అన్నీ కలిపి సుమారు 22,500 మంది క్షేమంగా వచ్చారు. విద్యార్థుల దగ్గర పైసా తీసుకోలేదు. కానీ ఒక్క విమానమూ ఉక్రెయిన్‌లో దిగలేదు. రుమేనియాలో బుఖారెస్ట్, హంగరీలో బుడాపెస్ట్, పోలండ్‌లో జెషుఫ్, స్లొవేకియాలో కొషిత్సె లాంటి చోట్ల నుంచి ఎగిరాయి. అక్కడిదాకా రైల్లోనో, బస్సులోనో, కాలినడకనో చేరాల్సింది మనిషే.

ఎప్పుడూ ఇంతే. 1990లో కువైట్ నుంచి మనవాళ్లు, అందులో కడప, గోదావరి జిల్లాల వాళ్లూ ఉన్నారు, ఇరాక్ మీదుగా రోడ్డున జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరాకే ఎయిరిండియా ఎక్కారు. ఆ తరలింపులో ఎయిరిండియా 488 సర్వీసుల్లో లక్షా పదకొండు వేల మందికి పైగా తెచ్చింది. 2023లో సూడాన్‌లో ఆపరేషన్ కావేరి జరిగినప్పుడు చాలామంది ఖార్టూమ్ నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా బస్సులో పోర్ట్ సూడాన్‌కు వెళ్లి, అక్కడ నౌక ఎక్కి జెడ్డాకు, ఆ తర్వాత విమానంలో ఇంటికి వచ్చారు.

“బాంబు పడగానే సరిహద్దుకు పరుగెత్తాలి.”

పై మాటకు పూర్తిగా ఎదురు మాట ఇది, ఇదీ తప్పే. 2022 ఫిబ్రవరి 26న ఎంబసీ చెప్పింది, మా అధికారులతో మాట్లాడకుండా ఏ సరిహద్దు పోస్టుకూ వెళ్లొద్దని. తిండి, నీళ్లు, నీడ ఉన్న పశ్చిమ నగరాల్లో ఆగడమే అప్పటికి మేలు. అక్కడికి మూడు రోజులకే, మార్చి 1న, కీవ్‌లో ఉన్నవాళ్లంతా ఆ రోజే బయటపడాలంది. 2న ఖార్కివ్‌లో ఉన్నవాళ్లను సాయంత్రం 6 గంటలలోపు, వాహనం దొరక్కపోతే నడిచైనా, పిసోచిన్, బాబాయి, బెజ్‌ల్యుదివ్కా అనే చోట్లకు చేరమంది. పదకొండు నుంచి పదహారు కిలోమీటర్ల దూరం. సుమీలో దాదాపు 700 మంది మన విద్యార్థులు మాత్రం మార్చి 8 దాకా కదల్లేకపోయారు. కుళాయిల్లో నీళ్లు రాక, బకెట్లలో మంచు నింపుకుని కరిగించుకున్నారు.

ఉండాలా, వెళ్లాలా అన్నది ఊరిని బట్టి, రోజును బట్టి మారుతుంది. అందుకే ఆ ఊళ్లో ఉన్న మనవాళ్ల గ్రూపు, ఎంబసీ సూచన, అక్కడి అధికారుల మాట, ఈ మూడూ వినాలి. ఎవరో పంపిన వాట్సాప్ ఆడియోను పట్టుకుని కదలకూడదు. ఉండాల్సి వస్తే బేస్‌మెంటు మంచిది. అది లేకపోతే కిటికీలు లేని, వీధి వైపు గోడ లేని లోపలి గది. కర్ణాటకకు చెందిన ఒక విద్యార్థి మార్చి 1న ఖార్కివ్‌లో సరుకుల కోసం క్యూలో నిలబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. దాడులు ఆగినట్టు కనిపించే గంట కూడా భద్రమైన గంట కాదు.

“బస్సుకు మన జెండా కడితే ఎవరూ ఏమీ చేయరు.”

చెక్‌పోస్టుల దగ్గర జెండా ఉపయోగపడిందని వచ్చినవాళ్లు చెప్పారు, అది అబద్ధం కాదు. తుపాకీ పట్టినవాడు దగ్గర నుంచి చూస్తేనే జెండా కనిపిస్తుంది. దూరం నుంచి వచ్చే షెల్‌కు ఏ దేశమో తెలియదు. కీవ్ నుంచి కారులో బయటపడబోయిన ఒక భారతీయుడికి బుల్లెట్లు తగిలాయి. బతికి వాయుసేన విమానంలో ఇల్లు చేరాడు.

“పాస్‌పోర్టు పోయింది, వీసా లేదు, ఇక సరిహద్దు దాటలేం.”

పాస్‌పోర్టు పోతే మన ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. స్వదేశానికి ఒక్క ప్రయాణానికి పనికొచ్చే పత్రం అది. ఉక్రెయిన్ నుంచి వచ్చే భారతీయ విద్యార్థులను వీసా లేకుండానే రానిస్తున్నామని అప్పట్లో పోలండ్ ప్రకటించింది. అయినా ప్రతి దేశమూ అలా చేస్తుందని నమ్మి కూర్చోకూడదు. పాస్‌పోర్టు, వీసా పేజీల ఫోటోలు ఫోన్లో ఒకటి, ఇంట్లో నాన్న ఫోన్లో ఒకటి, కాగితం మీద ఒక జిరాక్స్ ఉండాలి. గల్ఫ్‌లో పాస్‌పోర్టు యజమాని దగ్గరుంటే, గొడవ మొదలుకాక ముందే అడిగి తీసుకోవాలి.

“అరగంటకోసారి ఫోన్ చేస్తుంటే ధైర్యంగా ఉంటుంది.”

ఎవరికి ధైర్యం? అక్కడ ఫోన్ చార్జింగ్ పన్నెండు శాతం. చలికి బ్యాటరీ ఇంకా తొందరగా పడిపోతుంది. అమ్మ, అత్త, పెదనాన్న, కాలేజీ ఫ్రెండు, ఊళ్లో లీడరు అందరూ వీడియో కాల్ చేస్తారు. బస్సు కోఆర్డినేటర్ నుంచి రావాల్సిన ఒక్క ఫోను వచ్చేసరికి ఫోన్ ఆగిపోతుంది. ఇంట్లో ఒక్కరే మాట్లాడాలి, మిగతా బంధువులకు ఆ ఒక్కరే చెప్పాలి. రోజుకు రెండు పూటలు, ముందే అనుకున్న సమయానికి, “బాగున్నా, ఫలానా చోట ఉన్నా” అని ఒక మెసేజ్ చాలు. ట్యాంకుల్నీ, సైనికుల్నీ వీడియో తీసి పంపమని ఎవరూ అడగొద్దు. సైన్యం కదలికలను బయటపెట్టడం ఉక్రెయిన్‌లో 2022 మార్చి నుంచి నేరం. చెక్‌పోస్టు దగ్గర ఫోన్ చూస్తే ఆ వీడియోనే ప్రాణం మీదికి తెస్తుంది.

“మన పిల్లలెవరైనా ఇండియన్ ఎంబసీయే చూసుకుంటుంది.”

అమెరికా పౌరసత్వం తీసుకున్న మన గుడివాడ కుర్రాడు ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డున్నా భారత పౌరుడు కాడు. మనకు ద్వంద్వ పౌరసత్వం లేదు. మూడో దేశంలో చిక్కుకుంటే అతను ముందు వెళ్లాల్సింది అమెరికన్ ఎంబసీకి. వాళ్లు తరలిస్తే ఖర్చు తిరిగి కడతానని సంతకం చేయించుకోవడం మామూలు. 2015లో యెమెన్ నుంచి మన నౌకలు, విమానాలు 41 దేశాలవాళ్లను తెచ్చాయి. అది మానవత్వం, హక్కు కాదు.

“గొడవలున్న దేశంలో జీతం ఎక్కువ. మన జోలికి ఎవరొస్తారు?”

2015 జులైలో లిబియాలో సిర్త్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఇద్దరు తెలుగు అధ్యాపకులను, ఇంటికి బయల్దేరిన దారిలో ఎత్తుకుపోయారు. ఏడాదికి పైగా బందీలుగా ఉండి 2016 సెప్టెంబరులో విడుదలయ్యారు. అంత చదువుకున్నవాళ్లకే అలా అయింది. సెక్యూరిటీ హెల్పర్ ఉద్యోగమని చెప్పి రష్యా సైన్యంలో చేర్చిన కుర్రాళ్లలో హైదరాబాద్ యువకుడూ ఉన్నాడు, యుద్ధంలో చనిపోయాడు. పని కోసం వెళ్లేవాళ్లు ఏజెంటు పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి అయిన) పాస్‌పోర్టు ఉంటే ప్రవాసీ భారతీయ బీమా తీసుకోవాలి. పది లక్షల కవరేజీ, రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. దేశం దిగిన వారంలోనే ఎంబసీ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. జాబితాలో పేరు లేనివాణ్ణి వెతకడం ఎవరికైనా కష్టమే.

పిల్లలు బయట ఉన్న అమ్మానాన్నలకు ఒక మనవి. ఈ రాత్రి ఫోన్లో, ఏ గొడవా లేని రోజే, ఈ మాట చెప్పేయండి: “ఎంబసీ వెళ్లిపొమ్మన్న రోజు మమ్మల్ని అడగొద్దమ్మా, టికెట్ కొనుక్కుని వచ్చెయ్. ఫీజు సంగతి మేం చూసుకుంటాం.”