దర్శకుడు ఎవరివైపు చూశాడు?

సినిమా చూసి ఇంటికొచ్చాక మనం ఏం మాట్లాడుకుంటాం? హీరో బాగున్నాడు, పాటలు బాగున్నాయి, చివర్లో ఏడిపించారు. అంతే కదూ! దర్శకుడెవరో చాలామందికి పట్టదు. అదే కందిపప్పు, అదే చింతపండు అయినా పక్కింటి పప్పుచారు రుచి వేరు. అది చేతి మహిమ. సినిమాకు ఆ చెయ్యి దర్శకుడిది. మా జనగామ వైపు కథలతో దగ్గరో దూరమో చుట్టరికం ఉన్న నాలుగు చిత్రాల గురించి నాకు తోచింది చెబుతాను. నచ్చకపోతే పోట్లాడండి.

మొదటిది 'భక్త పోతన' (1943). పోతన గారిని తలచుకునే బమ్మెర మా పాలకుర్తి పక్కనే. కె.వి.రెడ్డి గారికి దర్శకుడిగా అదే తొలి చిత్రం. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనన్న కవి కథను చదువురాని వారికీ అర్థమయ్యేలా చెప్పారు. నాగయ్య గారి నెమ్మది నాకెంతో ఇష్టం. కానీ రాజు సొమ్ము వద్దన్నాక పొయ్యి వెలిగించాల్సింది ఇల్లాలే కదా! ఆవిడ మాట ఇంకాస్త వినాలనిపించింది.

రెండోది 1980లో విడుదలైన 'మా భూమి'. దర్శకుడు గౌతం ఘోష్ బెంగాలీ ఆయన. అయినా మన పల్లెను మనవాడిలాగే చూశారు. రామయ్య మనసుపడ్డ లంబాడీ పిల్ల చంద్రి దొర కంట పడుతుంది. మహబూబాబాదును మనం మానుకోట అంటామే, ఆ వైపు తండాలు చూసినవారికి చంద్రి పరాయిపిల్ల అనిపించదు. నా ఫిర్యాదు ఒకటే. తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖును ఎదిరించిన పాలకుర్తి ఐలమ్మది ఈ గడ్డే. అలాంటి స్త్రీని కథ నడుమ నిలబెట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఆ కొరత బి.నర్సింగరావు గారి 'దాసి' (1988) కొంత తీర్చింది. 'మా భూమి' నిర్మాతల్లో ఆయనా ఒకరు. పెళ్లికూతురి వెంట అరణంగా దొరల గడీలకు ఆడపిల్లలను పంపే రోజుల కథ ఇది. కమలాక్షి కడుపులో బిడ్డను ఉంచుకోవాలా వద్దా అన్నది కూడా ఆమె చేతుల్లో ఉండదు. మాటలు తక్కువ. నీళ్లు మోయడం, ఊడవడం, పిలిస్తే వెళ్లడం. ఆ చాకిరీయే కథ చెబుతుంది. 'నిదానంగా ఉంది' అని మా వారు కునుకు తీశారు. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. అర్చనకు ఉత్తమ నటిగా జాతీయ బహుమతి ఊరికే రాలేదు.

చివరిది 'దసరా' (2023). కథ గోదావరిఖని వైపుది. భూపాలపల్లిలో కాపురముంటున్న మా చెల్లెలు నాతో కలిసి చూసింది. బొగ్గుబాయి పక్క బతుకును శ్రీకాంత్ ఓదెల బాగా పట్టుకున్నాడని ఇద్దరం మెచ్చుకున్నాం. భర్త చనిపోయిన వెన్నెల మెడలో ధరణి తాళి కట్టే చోట హాలంతా చప్పట్లు. చెల్లెలు మాత్రం నా చెవిలో, "అంతా మంచిగనే ఉంది గానీ అక్కా, ఆ పిల్లను ఎవరన్న అడిగిండ్రా?" అంది.

ఆ ప్రశ్న మీరూ కొంగున ముడేసుకోండి. ఈసారి సినిమా చూస్తున్నప్పుడు, థియేటరులోనైనా ఫోనులోనైనా, 'దర్శకుడు ఎవరివైపు చూశాడు, ఎవరిని అడగలేదు' అని గమనించండి. పిల్లల ముందే పైకి అనండి. మన అబ్బాయిలు కూడా వినాలి కదా!