టెలివిజనులో విజ్ఞాన కల్పన

టెలివిజనులో చూపు విజ్ఞాన కల్పనా కథలు చక్కగా నిర్మింపబడినవేనా అని విద్యార్థులు తరచుగా అడుగుదురు. అన్నిటికిని ఒకే సమాధానము చెప్పుటకు వీలులేదు. కాని పరీక్షించుటకొక మార్గము గలదు.

1966లో అమెరికాలో ప్రారంభమైన 'స్టార్ ట్రెక్'లో మనుష్యులు ఓడనుండి మాయమై క్షణములో గ్రహముపై ప్రత్యక్షమగుదురు. ప్రతివారము ఓడ దిగు దృశ్యమును చిత్రించుట మిక్కిలి వ్యయకరమగుటచే నిర్మాతలు పన్నిన ఉపాయమిది. దీనిని తప్పుపట్ట నక్కరలేదు. ఒక కల్పనను మనచే ఒప్పించుకొను హక్కు కథకునకు గలదు. పరీక్ష ఆ తరువాతనే.

2015లో మొదలైన 'ది ఎక్స్‌పాన్స్'ను చూడుడు. అందలి శక్తిమంతమైన ఇంజను కల్పితమే. కాని దాని ఫలితములు సత్యములు. త్వరణము సెకనుకు సెకనుకు 9.8 మీటర్లైనచో ఓడలోనివారికి భూమిపైనున్నంత బరువు తోచును. ఇంజను నాపిన ఆ బరువు పోవును. ఓడ మాత్రము ఆగదు. న్యూటను మొదటి సూత్రము ననుసరించి అదే వేగముతో సాగిపోవును. అందుచే నడిమిదారిలో ఓడను వెనుకకు త్రిప్పి, ఇంజనును మరల నడపి వేగము తగ్గింతురు.

పెక్కు ప్రదర్శనములలో ఇంజను ఆగగానే ఓడయు నిలిచిపోవును. శూన్యములో ప్రేలుడు ధ్వనియు వినబడును. వానిని చూచిన బాలుడు, బలము లేనిదే చలనము లేదని పరీక్షలో వ్రాసినచో తప్పెవరిది? ఉపాధ్యాయుడు ఆ దృశ్యమునే తరగతిలో ప్రశ్నగా నుంచినచో, ఆ తప్పే మంచి పాఠమగును.