డిస్కులో చోటు ఎవరు మింగారు?

జనగామలో గాని, మహబూబాబాదులో గాని, భూపాలపల్లిలో గాని మాఘమాసం వచ్చిందంటే వీడియోలు తీసేవాళ్ళకు తీరిక ఉండదు. ఒక పెళ్ళిలో అప్పగింతలు కాకుండానే ఇంకొక పెళ్ళిలో ఎదుర్కోళ్ళు మొదలవుతాయి. తీసినదంతా కంప్యూటరులోకి ఎక్కించి, కత్తిరించి, పాటలు జోడించి పెళ్ళివారికి ఇవ్వాలి. సరిగ్గా ఆ సమయానికే కంప్యూటరు, డిస్కులో చోటు లేదని మొరాయిస్తుంది.

అప్పుడు ఏదో ఒకటి చెరిపివెయ్యక తప్పదు. ఏది చెరపాలి? ఇది తేలిక ప్రశ్న లాగా కనిపిస్తుంది గాని, కాదు. పెళ్ళిలో నాయనమ్మ పాడిన పాట ఆ డిస్కులోనే ఉన్నదనుకోండి. చివరికి తయారైన వీడియోలో ఆ పాట రెండు చరణాలే ఉండవచ్చు. మొత్తం పాట కెమెరా తీసిన అసలు ఫైలులో మాత్రమే ఉంటుంది. తొందరలో దాన్ని చెరిపితే ఆ పాట ఇక వినబడదు.

అసలు వీడియోకు అంత చోటు ఎందుకో లెక్క వేసి చూడండి. వీడియోలో బొమ్మలు నిజంగా కదలవు. కదలని బొమ్మలను సెకనుకు 25 చొప్పున చూపితే, కదులుతున్నట్టు మన కన్ను భ్రమపడుతుంది. ఒక హెచ్.డి. బొమ్మలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటాయి. అంటే మొత్తం 20 లక్షల పైచిలుకు. ఒక్కొక్క చుక్క రంగు రాసుకోవటానికి 3 బైట్లు కావాలి. ఒక ఇంగ్లీషు అక్షరం పట్టే చోటు బైటు. ఈ ప్రకారం ఒక్క బొమ్మకు 62 లక్షల బైట్లు, ఒక్క సెకనుకు 15 కోట్లకు పైన! 1956లో ఐ.బి.ఎం. కంపెనీవారు మొట్టమొదటి డిస్కు యంత్రాన్ని తయారు చేశారు. రెండడుగుల వెడల్పు గల పళ్ళేలు అందులో 50 ఉండేవి. యంత్రం బరువు ఇంచుమించు ఒక టన్ను. అంత యంత్రంలోనూ పట్టేవి 50 లక్షల అక్షరాలే. మన బొమ్మ ఒక్కటి కూడా అందులో ఇమడదన్నమాట.

అందుచేత కెమెరా ఒక ఉపాయం పన్నుతుంది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ పీటల మీద కూచుని తలంబ్రాలు పోసుకుంటున్నారు. వెనక కట్టిన తెర కదలదు. ఆ తెరను ప్రతి బొమ్మలోనూ తిరిగి రాయకుండా, "ఇది వెనకటి బొమ్మలో ఉన్నట్టే" అని గుర్తు పెట్టుకుని, కదిలిన చేతులనూ బియ్యాన్నీ మాత్రమే రాసుకుంటుంది. ఇంత పొదుపు చేసినా, నాణ్యమైన వీడియోకు గంటకు 45 గిగాబైట్లు పట్టవచ్చు. గిగాబైటు అంటే వంద కోట్ల బైట్లు. రెండు కెమెరాలు ఆరేసి గంటలు తీస్తే 540 గిగాబైట్లు. వెయ్యి గిగాబైట్ల డిస్కులో సగం ఒక్క పెళ్ళికే సరి!

చిక్కు ఇక్కడితో తీరలేదు. ఇలా పొదుపుగా రాసిన వీడియోను కత్తిరించటం కష్టం. మధ్యలో ఒక బొమ్మ కావలిస్తే, కంప్యూటరు వెనక్కు పోయి, పాత బొమ్మల నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. ప్రతిసారీ ఇదే పనైతే వీడియో నత్తనడక నడుస్తుంది. అందుకని విడమరిచిన బొమ్మలనూ, ధ్వనినీ వేరే ఫైళ్ళలో రాసి పెట్టుకుంటుంది. రంగులు దిద్దితే ఇంకొన్ని ఫైళ్ళు, ఒక దృశ్యం కరిగి మరొక దృశ్యం అయేటట్టు చేస్తే మరికొన్ని. వీటిని క్యాష్ ఫైళ్ళనీ, రెండర్ ఫైళ్ళనీ అంటారు. (ఇది డబ్బు క్యాష్ కాదు లెండి!) ఎవరూ అడక్కుండానే ఇవి పుడతాయి, పని అయిపోయినా పోవు. చప్పుడు చెయ్యకుండా డిస్కును మింగేవి ఇవే.

జనగామ పక్కన పెంబర్తి అనే ఊరున్నది. ఇత్తడి రేకుల మీద దేవతామూర్తులనూ, లతలనూ ఉబ్బెత్తుగా తేల్చటంలో అక్కడి పనివారికి గొప్ప పేరు. ఇటువంటి పనిలో రేకు కింద లక్కవంటి పదార్థం పరుస్తారు. సుత్తిదెబ్బకు రేకు చిరగకుండా అది కాస్తుంది. పని కాగానే వేడి చేసి దాన్ని తీసివేస్తారు. మన క్యాష్ ఫైళ్ళు ఆ లక్కవంటివి. కెమెరా తీసిన అసలు వీడియో ఇత్తడి రేకు. ఎక్కడ కత్తిరించాలో, ఏ పాట ఎక్కడ రావాలో రాసి ఉండే ప్రాజెక్టు ఫైలు నమూనా గీసిన కాగితం. లక్కను ఎన్నిసార్లయినా తిరిగి పరుచుకోవచ్చు. రేకు పోతే ఏ కంప్యూటరూ దాన్ని పుట్టించలేదు. నమూనా కాగితమంటారా, అది పట్టే చోటు బహు తక్కువ; దాన్ని చెరిపి బాగుపడేది ఏమీ లేదు.

లక్కను తీసే మార్గం ఆయా సాఫ్ట్‌వేర్లలోనే ఉన్నది. ప్రీమియర్ ప్రోలో ప్రిఫరెన్సెస్ తెరిస్తే మీడియా క్యాష్ అని కనిపిస్తుంది. డావించి రిజాల్వ్‌లో ప్లేబ్యాక్ కింద డిలీట్ రెండర్ క్యాష్ అని ఉంటుంది. ఫైనల్ కట్ ప్రోలో ఫైల్ కింద డిలీట్ జెనరేటెడ్ లైబ్రరీ ఫైల్స్ అని ఉంటుంది. మనం ఫోల్డర్లలో దూరి చేత్తో ఏరిపారెయ్యటం కంటె ఇదే క్షేమం. తరవాత ఆ ప్రాజెక్టును తెరిస్తే కొంతసేపు నెమ్మదిగా నడుస్తుంది, అంతే.

చేత్తో చెరిపిన ఫైళ్ళు రీసైకిల్ బిన్‌లోకి పోయి కూచుంటాయి. దాన్ని కూడా ఖాళీ చేస్తే గాని చోటు రాదు. ఖాళీ చేసినా, పాతరకం డిస్కులో ఫైలు వెంటనే మాయం కాదు. పుస్తకంలో విషయసూచిక నుంచి ఒక కథ పేరు కొట్టివేసినట్టు, దాని చిరునామా మాత్రమే పోతుంది. దాని మీద కొత్తది రాసినప్పుడే కథ పోయేది. అందుచేత పొరపాటున అసలు వీడియోను చెరిపినట్టయితే, ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకుండా వెంటనే పని ఆపి, తెలిసినవారికి చూపించాలి. ఎస్.ఎస్.డి. అనే కొత్తరకం డిస్కులో ఆ ఆశ చాలా తక్కువ. చెరిపిన చోటును అది తనంతట తానే తుడిచిపెట్టుకుంటుంది.

చోటు కోసం అసలును చెరుపుకున్నవారిలో గొప్పవారూ లేకపోలేదు. 1969 జూలైలో అపోలో 11 మనుషులు చంద్రుడి మీద నడిచినప్పుడు, అక్కడి నుంచి వచ్చిన బొమ్మలను భూమి మీద టేపులలో పట్టి ఉంచారు. తరవాత టేపులకు కరువు వచ్చింది. 1980 తరవాతి తొలి సంవత్సరాలలో ఆ టేపులను చెరిపి తిరిగి వాడేసి ఉంటారని 2009లో నాసావారే తేల్చారు. ఈనాడు మనం చూసేవి టెలివిజన్‌వారు దాచుకున్న నకళ్ళు. అసలులో ఉన్నంత స్పష్టత వాటిలో లేదు.

పిక్సార్ కంపెనీవారి అదృష్టం బాగున్నది. 1998లో వారు "టాయ్ స్టోరీ 2" సినిమా తయారు చేస్తుండగా, ఎవరో ఇచ్చిన ఒక తప్పు ఆజ్ఞతో ఫైళ్ళు కళ్ళెదుటే మాయం కాసాగాయి. ఆఫీసులో దాచిన నకలు చూస్తే అదీ పనికిరాలేదు. గాలిన్ సుస్మన్ అనే ఉద్యోగినికి అప్పట్లో బిడ్డ పుట్టటంచేత, ఆమె ఇంటి దగ్గర పని చేసుకోవటానికి సినిమా నకలు ఒకటి తన కంప్యూటరులో పెట్టుకున్నది. ఆ కంప్యూటరుకు దుప్పట్లు చుట్టి, కారులో పడుకోబెట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు మెల్లగా ఆఫీసుకు తెచ్చుకున్నారు. 1999లో ఆ సినిమా విడుదలైంది.