గుమ్మడి పువ్వు చెప్పిన పాఠము

సైన్సు అంటే పరీక్షకు వల్లె వేయవలసిన పాఠమని మన పిల్లలలో చాలామంది అనుకుంటున్నారు. తప్పు వారిది కాదు. నేను కూడా ఏళ్ల తరబడి "పరాగ సంపర్కము" అని నల్లబల్లపై వ్రాసి, అర్థం చెప్పి ముందుకు సాగిపోయేవాడిని. ఇప్పుడు మొదట ఒక కథ చెబుతున్నాను.

మన మారిషస్‌కు సుమారు 200 కిలోమీటర్ల దూరంలోనున్న రీయూనియన్ దీవిలో 1829లో ఎడ్మండ్ అనే బాలుడు బానిసగా పుట్టాడు. మెక్సికో నుండి వచ్చిన వెనిలా తీగ ఆ దీవిలో పూసేదే గాని కాసేది కాదు. పుప్పొడి మోసే అక్కడి పురుగులు ఇక్కడ లేవు. పైగా పువ్వులో పుప్పొడికి, కీలాగ్రానికి నడుమ ఒక సన్నని పొర అడ్డు. 1841లో ఎడ్మండ్ చిన్న పుల్లతో ఆ పొరను ఎత్తి, బొటనవ్రేలితో పుప్పొడిని అద్దాడు. కాయ కాసింది. ఈనాటికీ వెనిలా తోటలలో చేసేది ఆ పనే.

బడి మెట్లెక్కని ఆ బాలునికి ఇది ఎలా తోచింది? గుమ్మడి కుటుంబానికి చెందిన ఒక తీగ పువ్వులకు చేతితో పుప్పొడి అద్దడం యజమాని అతనికి అంతకుముందే నేర్పాడు. కనుక మనమూ గుమ్మడితోనే మొదలుపెడదాము.

మరునాడు విచ్చబోయే మూడు ఆడ మొగ్గలను సాయంకాలమే ఎంచుకోండి. ఆడ మొగ్గ క్రింద చిన్న పిందె ఉంటుంది, మగ మొగ్గకు ఉండదు. రెండింటికి పలుచని గుడ్డ సంచులు కట్టి, మూడవదానిని తేనెటీగలకు వదలండి. తెల్లవారగానే ఒక మగ పువ్వు రేకులు తీసి, ఒక సంచి విప్పి, ఆడ పువ్వు నడుమ అద్ది, మరల కట్టండి. రెండవ సంచి విప్పవద్దు. పుప్పొడి అందని పిందె కొద్ది రోజులలో పసుపుబారి రాలిపోతుంది.

మొదటిసారి మా తరగతిలో విప్పని సంచిలోని పిందె కూడా పెరిగింది. పిల్లలు నవ్వారు. కారణం మీరే వెతకండి అన్నాను. సంచి మూతి వదులుగా ఉందని, లోపల చచ్చిన తేనెటీగ ఉందని ఒక అమ్మాయి చూపింది.

ఎడ్మండ్ కనిపెట్టినదాన్ని ఒక వృక్షశాస్త్రజ్ఞుడు తనదేనన్నాడు. యజమానే ఎడ్మండ్ పక్షాన సాక్ష్యం వ్రాశాడు. అయినా 1880లో ఎడ్మండ్ పేదవాడిగానే కన్నుమూశాడు. ఇది విని ఒక కుర్రవాడు, "మాస్టారూ, చెరకు తోటలలో మన తాతలు కనిపెట్టినవి ఎవరు వ్రాశారు?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్లి అవ్వను అడిగి తెలుగులో వ్రాసుకు రమ్మన్నాను. తల్లిదండ్రులారా, మీ పిల్లలు అడిగితే విసుక్కోక చెప్పండి.